‘ఏడవకండి సిస్టర్’ అనే ముందు

మల్కాజ్‌గిరి వైపు ఒక ఇంట్లో జరిగిన కూడికలో ఈ మధ్య ఒకావిడ ప్రార్థన విన్నపం చెప్పడానికి లేచింది. భర్తకు డయాలసిస్ నడుస్తోంది. వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీదే. ఆటో ఖర్చు, ఇంజెక్షన్లు, పనికి వెళ్లని రోజుల జీతం కోత. నాలుగు మాటలు చెప్పేసరికి గొంతు పూడుకుపోయింది. పక్కనున్న పెద్దావిడ భుజం తట్టి, "ఏడవకండి సిస్టర్, విశ్వాసులం మనం ఏడవకూడదు. ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి అని వాక్యం చెప్తోంది కదా" అంది. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "స్తోత్రం" అని కూర్చుండిపోయింది. విన్నపం సగంలోనే ఆగింది. ఆటో ఖర్చు సంగతి ఎవరూ అడగలేదు.

పెద్దావిడ చెడ్డది కాదు. అదే మాట ఆవిడకూ ఎవరో చెప్పి ఉంటారు. కానీ ఈ నగరంలో ఇంటి కూడికల్లో, ఉపవాస ప్రార్థనల్లో, ఆసుపత్రి వార్డుల్లో ఆ మాట రోజూ మనుషుల నోరు నొక్కుతోంది. విశ్వాసంతో వచ్చే సంతోషం, నిర్మలమైన మనసు రెండూ నిజమేనని గట్టిగా నమ్మేవాళ్లే ఈ మాటను వదిలిపెట్టాలని నా వాదన. లేఖనాల్లో సంతోషానికి వెళ్లే దారి మొర మీదుగానే ఉంది. మొరను తప్పించి వెళ్లినవాళ్లకు దొరికేది నవ్వు మొహమే.

ఆనందించుడి అన్నవాడి దుఃఖం

పెద్దావిడ ఎత్తింది ఫిలిప్పీయులకు 4:4. పౌలు బంధకాల్లో ఉండి రాశాడని మనందరికీ తెలుసు, ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. అదే పత్రికలో రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్తే ఎపఫ్రొదితు సంగతి ఉంది. అతను జబ్బుపడి చావుకు దగ్గరయ్యాడు, దేవుడు కనికరించి బతికించాడు. అతన్ని మాత్రమే కాదు, తనకు దుఃఖం మీద దుఃఖం కలగకుండా తనను కూడా కనికరించాడని పౌలు రాస్తాడు (2:27). అంటే ఒక దుఃఖం అప్పటికే ఉంది, రెండోది తప్పింది. మూడో అధ్యాయం 18వ వచనంలో ఏడుస్తూ చెబుతున్నానని తనే ఒప్పుకుంటాడు. నాలుగు అధ్యాయాల చిన్న ఉత్తరంలో ఆనందం, కన్నీళ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని కోసం రెండోదాన్ని అతను దాచలేదు.

ఇంకో సంగతి. ఆ ఎపఫ్రొదితు జైల్లో ఉన్న పౌలు దగ్గరకు వచ్చింది ఫిలిప్పీ సంఘం పంపిన సహాయం చేతపట్టుకుని. నా శ్రమలో మీరు పాలుపంచుకోవడం మంచిపని అని 4:14లో పౌలు మెచ్చుకున్నది దాన్నే. ఆనందించమన్న వచనానికి, సహాయం అందిందన్న వచనానికి మధ్య దూరం పది వచనాలు. మొదటిది కంఠతా వచ్చినవాళ్లలో ఎంతమంది రెండోది చదివి వినిపిస్తారు? ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడం "నేర్చుకొనియున్నాను" అని కూడా ఆ అధ్యాయంలోనే అన్నాడు. నేర్చుకోవడానికి కాలం పడుతుంది. నిన్న రిపోర్టు వచ్చినవాళ్లను ఈరోజు నేర్చేసుకోమనడం అన్యాయం.

మనసును మురికి చేసేవి

శుద్ధహృదయం అనగానే 51వ కీర్తన. "నాయందు శుద్ధహృదయము కలుగజేయుము" అన్నది 10వ వచనం. రక్షణానందాన్ని మళ్లీ పుట్టించమన్నది 12వ వచనం. శుద్ధి ముందు, సంతోషం తర్వాత, రెండూ అడిగి తీసుకోవాల్సినవే. దావీదు వాటిని తన లోంచి పిండుకోవాలని చూడలేదు. వాటికి ముందే, 6వ వచనంలో, దేవుడు అంతరంగంలో సత్యాన్ని కోరతాడని ఒప్పుకున్నాడు. ఈ కీర్తనను ఇంతకాలం చదివాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇదే: లోపల ఉన్నది ఉన్నట్టు దేవుడి ముందు పెట్టడమే శుద్ధికి మొదటి మెట్టు. కన్నీళ్లు మనసును పాడుచేయవు. లోపల ఏడుస్తూ పైకి "స్తోత్రం" అనడం పాడుచేస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 51వ కీర్తన దావీదు తన పాపం గురించి చేసిన ప్రార్థన. దాన్ని తీసుకెళ్లి జబ్బు మంచం దగ్గర చదివి, "మీలో ఏదో ఒప్పుకోని పాపం ఉంది, పరీక్షించుకోండి" అనేవాళ్లున్నారు. పుట్టుగుడ్డి గురించి శిష్యులు అడిగింది కూడా అదే. వీడు గానీ వీణ్ణి కన్నవాళ్లు గానీ పాపం చేయలేదని యోహాను 9:3లో జవాబు వచ్చింది. కష్టాల పాలైన యోబులో పాపం వెతికిన స్నేహితులకైతే ఆ గ్రంథం చివర దేవుడి దగ్గరే చీవాట్లు పడ్డాయి.

కష్టకాలంలో మనసును నిజంగా మురికి చేసేది ఈర్ష్య. వాట్సాప్ గ్రూపులో ఒకరి సాక్ష్యం వస్తుంది: "ప్రభువు మాకు గచ్చిబౌలిలో త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుగ్రహించాడు." కింద ముప్ఫై మంది చేతులు జోడించిన బొమ్మలు పెడతారు. వార్డు బయట చాప మీద కూర్చున్న మనిషి కూడా ఒక బొమ్మ పెడుతుంది, ఫోన్ పక్కన పడేసి, "మరి నాకేంటి ప్రభువా?" అనుకుంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తనను తాను తిట్టుకుంటుంది. 73వ కీర్తన అచ్చంగా ఆ మనిషిదే. దాన్ని రాసిన ఆసాపు మత్సరపడ్డానని ఒప్పుకుంటాడు, హృదయాన్ని శుద్ధిగా ఉంచుకోవడం దండగే అయిందని 13వ వచనంలో అనేస్తాడు. ఆ మాట బైబిల్లో ఉందని తెలియకపోవడం వల్ల ఎంతోమంది తమ విశ్వాసం పోయిందనుకుంటున్నారు. ఈర్ష్య వదిలే దారి కూడా ఆ కీర్తనలోనే ఉంది: ఆసాపు దాన్ని మోసుకుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లాడు, బయట వదిలేసి వెళ్లలేదు.

ఆరు వచనాల అభ్యాసం

150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. మొదలుపెట్టడానికి అన్నిటికంటే పనికొచ్చేది 13వ కీర్తన. ఆరే వచనాలు. మొదటి రెండింట్లో ఎన్నాళ్లు, ఎన్నాళ్లని నాలుగు ప్రశ్నలు. తర్వాతి రెండింట్లో విన్నపం. చివరి రెండింట్లో నమ్మకం, పాట. ఈ వరుసలోనే రోజుకు ఇరవై నిమిషాలు చాలు.

ముందు ఫోన్ పక్కన పెట్టాలి. బైబిల్ యాప్ తెరిచిన వేలు రెండో నిమిషంలో వాట్సాప్‌లో ఉంటుంది. ఆ ఆరు వచనాలు ఒక కాగితం మీద చేత్తో రాసుకుంటే పర్సులోనో పాస్‌బుక్‌లోనో ఉంటుంది, వార్డులోకీ వస్తుంది. సింగిల్ బెడ్‌రూమ్ ఇంట్లో ఐదుగురు ఉండే ఊరు ఇది, ప్రత్యేక ప్రార్థన గది మాట చాలా ఇళ్లలో కుదరదు. మేడ మీద ట్యాంకు పక్కనైనా సరే, లైట్లు తగ్గించాక వార్డు వరండా అయినా సరే. పెదవులు కదలాలి, తమ చెవికి వినబడేంత గొంతు రావాలి. మనసులో చేసే ప్రార్థన అలసిపోయిన మనిషిని ఇట్టే ఆలోచనల్లోకి లాక్కుపోతుంది.

వచనాలు 1, 2 చదివాక దావీదు ప్రశ్నల చోట తమ ప్రశ్నలు పెట్టుకోవాలి. పేరుతో, అంకెతో. "అప్పుల బాధ తీర్చు ప్రభువా" అని పదేళ్లు ప్రార్థించవచ్చు, ఏమీ కదలదు. రెండు లక్షలు, నూటికి మూడు రూపాయల వడ్డీ, నెలకు 6,000, ఏడాదికి 72,000 అని కాగితం మీద రాసి, "ఈ 72,000 ఎన్నాళ్లు కట్టాలి?" అని అడిగితే రెండు జరుగుతాయి. భయానికి ఒక హద్దు వస్తుంది. ఎవరితో మాట్లాడాలో, ఏ నగ అమ్మితే వడ్డీ ఆగుతుందో కనబడుతుంది. మనుషుల మీది కోపం కూడా ఇక్కడే చెప్పాలి. ఆసుపత్రికి ఒక్కసారైనా రాని మరిది, ఫోన్ ఎత్తని అన్న, జవాబివ్వని దేవుడు. ఇక్కడ దాచిన కోపం పొద్దున్నే పిల్లల మీద పడుతుంది.

వచనాలు 3, 4 దగ్గర ఒక్కరోజుకు సరిపడా ఒక్క విన్నపం. "పూర్తి స్వస్థత" అడగొద్దని కాదు. దానితోపాటు, ఈ రోజు డయాలసిస్‌లో బీపీ పడిపోకుండా చూడు అని అడగాలి. సాయంత్రానికి అది జరిగిందో లేదో తెలుస్తుంది. ఏనాటి కీడు ఆనాటికి చాలునన్న మాటను పాటించడం ఇలాగే.

వచనాలు 5, 6 దగ్గర గతంలో జరిగిన ఒక మేలు. "ఇంతవరకు కాపాడావు" అన్న మూకుమ్మడి మాట వద్దు. ఏ సంవత్సరం, ఎవరి ద్వారా, ఎంత, ఏ ఆఫీసు మెట్ల మీద. తర్వాత తెలిసిన పాట ఒకటి, నెమ్మదిగా, రెండు చరణాలు. కొత్త పాట నేర్చుకునే సమయం కాదిది. పాడాలనిపించకపోయినా పాడవచ్చు. సంఘంలో ఇతరుల కోసం పాడినప్పుడు అందరికీ ప్రతిసారీ అనిపించే పాడామా?

ఇందులో పొరపాట్లు ఎక్కడెక్కడ జరుగుతాయో కూడా చెప్పాలి. మొదటి రెండు వచనాలు గబగబా దాటి చివరి రెండింటికి దూకడం అన్నిటికంటే మామూలు. పెద్దావిడ చేయించింది అదే. రెండోది, ప్రశ్నల దగ్గరే గంటసేపు ఉండిపోవడం. ఇరవై నిమిషాల హద్దు అందుకే. మిగిలిన ప్రశ్నలు రేపు. మూడోది, పిల్లల ఎదుట చేయడం. అమ్మ దేవుణ్ణి నిలదీయడం ఏడేళ్లవాడికి భయం పుట్టిస్తుంది. వాడితో కలిసి చివరి పాట పాడితే చాలు.

చివరి రెండు వచనాలు గొంతు దాటి రాని రోజులుంటాయి. ఆ రోజు 88వ కీర్తన చదివి మూసేయవచ్చు. అది చీకటే నాకు బంధువర్గమైందన్న మాటతో ముగుస్తుంది, ఓదార్పు ఒక్క వాక్యం కూడా రాదు. అయినా అది ప్రార్థనల పుస్తకంలో ఉంది. దాన్ని అక్కడ ఉంచినవాళ్లకు విశ్వాసం తక్కువని ఎవరూ అనలేరు.

సంతోషం ఎప్పుడు వస్తుందంటే, తేదీ చెప్పలేం. ఎలా గుర్తుపట్టాలో మాత్రం చెప్పవచ్చు. పక్క మంచం వాళ్లు భోజనం చేశారో లేదో అడగాలనిపిస్తుంది. ఎవరో చెప్పిన చిన్న మాటకు నవ్వొచ్చి, నవ్వినందుకు తప్పుచేసినట్టు అనిపించదు. గచ్చిబౌలి ఫ్లాటువాళ్లకు పెట్టిన బొమ్మ నిజంగానే పెట్టబుద్ధవుతుంది.

కృతజ్ఞత చెడిపోయే చోటు

"మనకంటే కష్టాల్లో ఉన్నవాళ్లను చూసి స్తోత్రం చెప్పుకోవాలి" అని అలవాటుగా అంటుంటాం. నేను దీన్ని పూర్తిగా వ్యతిరేకిస్తాను. పక్క మంచం మనిషి కాలు తీసేశారని తెలిసి, నా కాళ్లున్నందుకు స్తోత్రం అనుకుంటే, ఆ స్తోత్రం పక్కవాడి కాలు మీద నిలబడి చెప్పింది. ఇతర మనుషుల్లా లేనందుకు కృతజ్ఞత చెప్పిన పరిసయ్యుడి ప్రార్థన లూకా 18లో ఉంది. దాని గతి ఏమైందో తెలుసు. కృతజ్ఞత తనకు అందినదాని గురించే ఉండాలి, పక్కవాడికి పోయినదాని గురించి కాదు.

మొక్కుబడిని బేరంగా మార్చడం ఇంకోటి. రిపోర్టు బాగా వస్తే ఇంత కానుక ఇస్తానని, అది కూడా వడ్డీకి తెచ్చి ఇస్తానని మొక్కుకున్న కుటుంబాలున్నాయి. రిపోర్టు బాగా రాకపోతే దేవుడి మీద కోపం, వస్తే కొత్త అప్పు. అప్పు తెచ్చి కానుక ఇవ్వమని లేఖనంలో ఎక్కడా లేదు. ఇవ్వాలనిపిస్తే ఉన్నదాంట్లోంచి ఇవ్వవచ్చు.

సణుగుడు మాటేమిటి?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేను. అరణ్యంలో ఇశ్రాయేలీయులు సణిగారు, శిక్ష పడింది. మొరపెట్టుకోమంటే జనం సణుగుడుకు అలవాటు పడరా? పడతారు. రోజూ అదే ఫిర్యాదు, అదే వరుసలో, ఫోన్లో ముగ్గురు చెల్లెళ్లకు చెప్పుకునేవాళ్లు కనబడుతూనే ఉంటారు. చెప్పిన కొద్దీ బరువు పెరుగుతుంది. 106వ కీర్తన ఆ ఇశ్రాయేలీయులు తమ గుడారాల్లో సణిగారని చెబుతుంది. దేవుడి గురించి తమలో తాము మాట్లాడుకున్నారు, ఆయనతో మాట్లాడలేదు. 13వ కీర్తన మొదటి మాటే ఆయన్ను పిలవడం. ఎవరికి చెబుతున్నామన్నదే తేడా. పైగా మొరకు ఒక విన్నపం ఉంటుంది, సణుగుడుకు ఉండదు. అయినా ఈ రెండింటి మధ్య గీత రోజూ స్పష్టంగా కనబడుతుందని చెప్పలేను. అలసిన రాత్రుల్లో ఒకటి రెండోదానిలోకి జారుతుంది. హద్దు పెట్టుకోమని, కాగితం మీది వరుస పాటించమని అడిగేది అందుకే.

దేవుడితో అలా మాట్లాడడం భక్తి లేనితనం అనేవాళ్లకు ఈ ఊరిలోనే జవాబుంది. తానీషా కాలంలో గోల్కొండ చెరలో ఉన్న కంచర్ల గోపన్న, ఎవరికి ఏ పతకం చేయించాడో, దానికెంత పట్టిందో లెక్క చెప్పి మరీ తన రాముణ్ణి తిట్టాడు. ఈ దెబ్బలకోర్వక తిట్టాను, ఆయాసపడవద్దని అదే పాటలో బతిమాలుకున్నాడు. ఆ తిట్టును తెలుగువాళ్లు భక్తి లేనితనంగా ఎన్నడూ లెక్కవేయలేదు. మా విశ్వాసం వేరు, కానీ దెబ్బ తిన్న మనిషి తన దేవుడి దగ్గర అలా మాట్లాడగలడని ఈ నేలకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

ముందు అన్నం, తర్వాత వాక్యం

ఏలీయా బదరీ వృక్షం కింద పడుకుని చావాలని కోరుకున్నాడు (1 రాజులు 19). దూత వచ్చి చేసిన మొదటి పని తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇవ్వడం. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారీ అదే. విశ్వాసం గురించి ఒక్క మాట లేదు. మనం మాత్రం రెండు రాత్రులు ఆసుపత్రిలో మేలుకున్న మనిషిని మూడో రాత్రి ఆల్‌నైట్ ప్రేయర్‌కు రమ్మంటాం. నిద్ర లేని మనిషికి కలిగే నిరాశలో సగం నిద్రదే. ఆ రాత్రి వార్డులో మనం కూర్చుని, ఆవిడను ఇంటికి పంపి పడుకోబెట్టడం ఆవిడ సంతోషానికి ప్రసంగం కంటే దగ్గర దారి.

ఉపవాసం సంగతీ అంతే. షుగర్‌కు ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా పూట మానకూడదు. చెమట, వణుకు, గుండెదడ, మాట తడబడడం మొదలైతే అది ఆత్మావేశం కాదు, షుగర్ పడిపోతోంది. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

రెండు వారాలు దాటినా దేనిమీదా మనసు నిలవక, నిద్ర, ఆకలి పోయి, బతకాలని లేదన్న మాట వస్తుంటే 13వ కీర్తన ఒక్కటే సరిపోదు. మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడవచ్చు. ఏలీయాకు రొట్టె పంపిన దేవుడు మాత్ర కూడా పంపగలడు.

మెదక్ చర్చి 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో పనీ తిండీ దొరికిన చోటుగా ఆ కట్టడాన్ని మనవాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు. యోబు స్నేహితులు కూడా నోరు తెరవనంతకాలం బాగానే ఉన్నారు: ఏడు రాత్రింబవళ్లు అతనితో నేలమీద కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ మనం నేర్చుకోదగ్గవి. "ఆటోకు నెలకు ఎంతవుతోంది సిస్టర్?" అని అడగడానికి ఏ వరమూ అక్కర్లేదు. పదిమంది ఉన్న కూడికలో మనిషికి 300 వేసుకుంటే 3,000.

అర్ధరాత్రి పాడినవాళ్లు పొద్దున ఏమన్నారు?

మనిషి చేసే కీడు వల్ల వచ్చే కష్టం వేరు. తాగొచ్చి కొట్టే భర్త ఉన్న ఇల్లాలికి "ఓర్చుకో అమ్మా, సంతోషంగా ఉండు, ప్రార్థనలో మారతాడు" అని చెప్పి పంపడం ఈ బోధకు పట్టిన అతి పెద్ద చెడు. పౌలు, సీలలు ఫిలిప్పీ చెరసాలలో దెబ్బల ఒంటితో, బొండలో కాళ్లతో అర్ధరాత్రి పాడారని చెప్పనివాళ్లు లేరు. తెల్లవారాక ఏం జరిగిందో అపొస్తలుల కార్యములు 16:37 చెబుతుంది. వెళ్లిపొమ్మని న్యాయాధిపతులు కబురు పంపితే పౌలు కదల్లేదు. రోమీయులమైన మమ్మల్ని విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించి, ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్లే వచ్చి తీసుకెళ్లాలన్నాడు. వాళ్లు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి పాడిన నోరే పొద్దున నిలదీసింది. ఒకటి విశ్వాసం, రెండోది విశ్వాసం తక్కువై చేసింది అని ఎవరూ విడదీయలేరు.

దెబ్బలు తిన్న మనిషి మందిరానికి వస్తే ముందు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందో చూడాలి. గాయాలకు డాక్టరు చీటీ రాయించాలి, ఆ చీటీ తర్వాత సాక్ష్యమవుతుంది. ఆమె సరేనంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి, హింసకు గురైన మహిళలకు సాయపడే పోలీసుల భరోసా కేంద్రానికి తోడు వెళ్లాలి. భర్తను పిలిచి ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి చేతులు కలిపించి ప్రార్థన చేసి పంపేయకూడదు. ఆమె చెప్పిందంతా అతని ఎదుట పెట్టినట్టవుతుంది, ఆ రాత్రి ఇంట్లో దానికి లెక్క ఆమే చెప్పుకోవాలి.